తెరమీది న్యాయస్థానము – స్త్రీల పరస్పరానురాగము: ఒక చారిత్రక పరిశీలనము

మద్రాసునుండి కలకత్తాకు పోవు రాజమార్గమున, తమిళనాటి కడపటి ఊళ్లలో ఆరంబాక్కం ఒకటి. తిరువళ్లూరు జిల్లా గుమ్మిడిపూండి తాలూకాకు చెందిన యీ గ్రామమును దాటి కొంత దూరము పోయినచో తడ వచ్చును, అది ఆంధ్రదేశము. తూర్పున పులికాటు సరస్సు. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము వినబడుట ఇట్టి ఊళ్లలో వింత కాదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిమ్మట ఈ ప్రాంతపు ఎల్లలను గూర్చి రేగిన తగవు పటాస్కరు మధ్యవర్తిత్వముతో సమసి, 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రమునకు పోయెను. చెంగల్పట్టు జిల్లాలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరెను. ఎల్ల మారినప్పుడు శిస్తు కట్టు కచేరి మారును, బడిలోని వాచకము మారును. న్యాయము కోరి ఎక్కవలసిన మెట్లు కూడ మారును.

1862లో మద్రాసు హైకోర్టు వెలసిననాటినుండి కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువారందరికిని అదియే పెద్ద న్యాయస్థానము. 1954 జూలైలో గుంటూరున ఆంధ్ర హైకోర్టు ఏర్పడెను. 1956లో అది హైదరాబాదునకు తరలెను. 2019 జనవరి 1నుండి ఆంధ్రప్రదేశమునకు అమరావతియందు వేరు హైకోర్టు కలదు. ఆరంబాక్కమున నిలిచి చూచినచో ఉత్తరమున అమరావతి, దక్షిణమున మద్రాసు. ఈ రెండు న్యాయస్థానములును 2024 డిసెంబరు, 2025 మే మాసముల నడుమ, అనగా ఆరు నెలలు తిరుగకముందే, ఒకే విధమైన ప్రశ్నకు సమాధానము చెప్పవలసి వచ్చెను: యుక్తవయస్సు వచ్చిన ఒక స్త్రీ తాను ప్రేమించిన మరియొక స్త్రీతో కలిసి జీవింపగోరగా, కన్నవారు ఆమెను బలవంతముగా ఇంట నిలుపవచ్చునా? రెండు న్యాయస్థానములును కూడదనియే చెప్పెను.

ఇట్టి స్త్రీలను గూర్చి సామాన్య కుటుంబములకు కలిగిన యభిప్రాయములు తీర్పుల ప్రతులు చదివి ఏర్పడినవి కావు. న్యాయస్థానమనగా జనులకు మొదట తోచునది తెరమీది న్యాయస్థానమే. నల్లకోటు, చెక్కసుత్తి, బోనులో కన్నీరు, కడపటి నిమిషమున తలుపు తోసికొని వచ్చు సాక్షి – ఈ సామగ్రి అంతయు సినిమా, టెలివిజనులు కల్పించినదే. భారతీయ న్యాయస్థానములలో చెక్కసుత్తి వాడుక లేదని ఎన్ని మారులు చెప్పినను ప్రేక్షకుడు నమ్మడు. కావున ఆ తెరమీది న్యాయస్థానము స్త్రీని ప్రేమించు స్త్రీని ఎట్లు చూపినది, ఆమె నీతిబుద్ధిని ఎట్లు చిత్రించినది అనునది వినోదమునకు సంబంధించిన ప్రశ్న మాత్రము కాదు.

ఈ కథకు మూలము టెలివిజనుకంటె నూటయేబదియేండ్ల పూర్వమున, ఎడింబరో నగరమున కలదు. అచ్చట మారియాన్ వుడ్స్, జేన్ పిరీ అను ఇరువురు ఉపాధ్యాయినులు ఒక బాలికా పాఠశాల నడపుచుండిరి. 1810 నవంబరులో ఒక విద్యార్థిని వారిరువురి నడుమ అనుచితమైన సంబంధము కలదని తన అవ్వతో చెప్పెను. ఆ అవ్వ డేమ్ హెలెన్ కమ్మింగ్ గార్డన్ అను సంపన్నురాలు. ఆమె మాట చెవినబడినంతనే తల్లిదండ్రులు తమ పిల్లలను తీసికొనిపోయిరి. కొలది దినములలో బడి మూతపడెను. ఉపాధ్యాయినులు పరువునష్టపు దావా వేసిరి. మొదట తీర్పు వారికి ప్రతికూలమాయెను. పునర్విచారణలో 1812న అనుకూలమాయెను. 1819లో ప్రభువుల సభయు దానినే ఖాయపరచెను. గెలిచినను బడి మరల తెరువబడలేదు.

ఇందు తెలుగువారికి, ఆ మాటకు వచ్చినచో భారతీయులందరికిని ఆసక్తి కలిగించు విషయ మొకటి కలదు. ఆరోపణ చేసిన బాలిక భారతదేశమున జన్మించినది. తండ్రి ఆంగ్లప్రభుత్వపు కంపెనీ కొలువులోని స్కాట్లండు వాడు, తల్లి భారతీయ స్త్రీ. విచారించిన న్యాయమూర్తులలో లార్డ్ మెడోబ్యాంకు మొదలగువారికి గౌరవనీయులైన బ్రిటిషు స్త్రీలయందు ఇట్టి వాంఛ ఉండునని నమ్ముట కష్టమాయెను. ఈ బాలికకు ఇట్టి ఊహ ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్నకు వారికి దొరికిన సమాధానము – భారతదేశమునుండి, అచ్చటి దాసీజనమునుండి అని. స్త్రీల పరస్పరానురాగము ప్రాచ్యదేశపు సరుకనియు పడమటి దేశమున మొలవదనియు వాదము. నూటయెనుబదియేండ్ల తరువాత, 1998 డిసెంబరులో, దీపా మెహతా తీసిన ‘ఫైర్’ చిత్రమును ప్రదర్శించు శాలలపై బొంబాయి మొదలగు నగరములలో దాడి చేసినవారి వాదమును దీని ప్రక్కన పెట్టి చూడవలెను: ఇది పడమటి దేశపు సరుకు, భారతదేశమున మొలవదు! ఎవరి ఇంటి ముంగిటనో దొరికిన అనాథశిశువువలె ఈ అనురాగమును తూర్పువారు పడమటికి, పడమటివారు తూర్పునకు నెట్టుచునే వచ్చిరి.

ఎడింబరో దావాను ఆధారము చేసికొని లిలియన్ హెల్మన్ 1934లో ‘ది చిల్డ్రన్స్ అవర్’ అను నాటకము వ్రాసెను. నాటకములో భారతీయ సంబంధము తొలగెను. అంతకంటె ముఖ్యమైన మార్పులు రెండు. నిజజీవితమున దావా గెలిచిన ఉపాధ్యాయినులు నాటకమున ఓడిపోయిరి. ఇరువురిలో మార్తా అను నామె, తన హృదయమున నిజముగానే అట్టి అనురాగము కలదని తెలిసికొనిన దినముననే ఆత్మహత్య చేసికొనెను. విలియం వైలర్ 1936లో తీసిన మొదటి చిత్రమున ఈ విషయమంతయు మాటుపడి, ఒక పురుషుని కొరకు ఇరువురు స్త్రీల తగవుగా కథ మారిపోయెను. 1961లో ఆయనయే తీసిన రెండవ చిత్రమున అసలు కథ తిరిగి వచ్చెను, మార్తా మరణముతో సహా. తరువాతి తెరకథలకు ఈ నాటకము ఒక అచ్చును పోసి యిచ్చినది: స్త్రీని ప్రేమించు స్త్రీకి తనను గూర్చిన సత్యము తెలియుట, ఆమె మరణించుట ఒకే అంకమున జరుగవలెను. ఆమె నీతిబుద్ధి అనగా తనను తాను శిక్షించుకొనుటయే.

చట్టము మాత్రము ఈ విషయమున మౌనమునే నమ్ముకొన్నది. 1921లో బ్రిటిషు పార్లమెంటున స్త్రీల నడుమ ఇట్టి సంబంధమును నేరముగా చేయ యత్నము జరుగగా ప్రభువుల సభ దానిని త్రోసివేసెను. కారణము దయ కాదు. అసలిట్టిది ఉన్నదని ఎరుగని వేలాది స్త్రీలకు చట్టమే దానిని తెలిపినట్లగునని వారి భయము. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ నవల ‘ది వెల్ ఆఫ్ లోన్లీనెస్’ లండనులో విచారణకు వచ్చెను. ఆ గ్రంథమును సమర్థింప వచ్చిన రచయితల సాక్ష్యమును వినుటకు మేజిస్ట్రేటు సర్ చార్టర్స్ బైరన్ నిరాకరించి, ప్రతులను నాశనము చేయుడని ఆజ్ఞాపించెను. ఆ నవలలో అశ్లీల పదము లేదు. ఇట్టి స్త్రీలు నిందార్హులని గ్రంథకర్త్రి ఎచ్చటను చెప్పకపోవుటయే ఆయనకు దోషముగా కనబడెను. వ్రాసినదానికి కాక, తిట్టనందులకు శిక్ష!

భారతదేశమునను ఇట్టి విచారణలు జరుగకపోలేదు. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ప్రకటించిన ‘లిహాఫ్’ అను ఉర్దూ కథ, ఒక నవాబు అంతఃపురమున నిర్లక్ష్యమునకు గురియైన బేగమునకు దాసికి నడుమ గల సంబంధమును ఒక పసిపిల్ల కన్నులతో చూపును. దానిపై లాహోరున అశ్లీలతా నేరము మోపబడెను. ఇదిగో ఈ మాట అశ్లీలము అని వ్రేలు పెట్టి చూపుట సాక్షులకు సాధ్యముకాక అభియోగము వీగిపోయెను. తెలుగునాట అంతకు పూర్వమే ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’నకు గతి తెలిసినదే. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున వెలసిన ఆ శృంగారకావ్యమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో మద్రాసున పరిష్కరించి వావిళ్లవారిచే అచ్చొత్తించగా, 1911లో ప్రభుత్వము దానిపై చర్య తీసికొనెను. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి కాలమున నిషేధము తొలగెను. అది రాధామాధవుల కథయే గాని స్త్రీల పరస్పరానురాగము కాదు. అయినను అందును విచారణకు వచ్చినది కావ్యము మాత్రమే కాదు, స్త్రీ తన కోరికను తన నోట చెప్పుట. పురుషకవులు వ్రాసిన అంతకంటె పచ్చి శృంగారమునకు లేని ఆక్షేపణ దీనికేల అని నాగరత్నమ్మ అడిగిన ప్రశ్నకు అప్పటి పెద్దలు సరియైన సమాధానము చెప్పలేకపోయిరి.

ఇక టెలివిజన్. అమెరికాలో 1957నుండి 1966వరకు సాగిన ‘పెరీ మేసన్’ కోర్టు కథలకు ఒరవడి పెట్టినది. అందు స్త్రీని ప్రేమించు స్త్రీకి తావు లేదు. ఆ కాలపు ప్రసార నియమములు అట్టివి. తరువాతి దశాబ్దములలో ఆమె అప్పుడప్పుడు కనబడినను, ఎక్కువగా హంతకురాలిగానో, హతురాలిగానో, బిడ్డ పెంపకము కొరకు న్యాయస్థానమెక్కిన తల్లిగానో కనబడెను. కోర్టులో నిలిచి వాదించు మనిషిగా ఆమె రాలేదు. 1991 ఫిబ్రవరి 7న ‘ఎల్.ఏ. లా’ అను ధారావాహికలో సి.జె. లాంబ్ అను న్యాయవాదిని సహోద్యోగిని అబీ పెర్కిన్సును ముద్దుపెట్టుకొనుట ప్రసారమాయెను. అమెరికా ప్రధాన ప్రసారములలో ఇట్టి దృశ్యములకు ఇదియే నాంది యని చెప్పుదురు. కాని ఆ దృశ్యమునకు ముందువెనుకలు చూడవలెను. ఫిబ్రవరి మాసము ప్రేక్షకుల సంఖ్యను లెక్కించి ప్రకటనల వెలలు నిర్ణయించు మాసము. తరువాతి యేండ్లలో అనేక ధారావాహికలు ఇట్టి లెక్కల మాసములలోనే ఒక్కొక్క ముద్దును చూపి, లెక్కలు ముగిసినంతనే ఆ కథను మడిచిపెట్టుట ఆనవాయితీ ఆయెను. అబీ పాత్ర కూడ ఆ సంవత్సరమే కథనుండి నిష్క్రమించెను. పండుగకు వేసిన పందిరివంటిది ఆ ముద్దు. మరునాడు గుంజలు పీకివేయుదురు.

ఈ చరిత్రలో అన్నింటికంటె ఆలోచింపదగిన ఘట్టము 2005 జనవరి 12న ‘లా అండ్ ఆర్డర్’ ధారావాహికలో జరిగినది. అందు సెరీనా సదర్లిన్ అను పాత్ర ప్రభుత్వపక్షపు సహాయ న్యాయవాది; నటి ఎలిజబెత్ రోమ్. 2001నుండి ఆ పాత్ర కథలో కలదు. ఆమె స్వభావమును ప్రేక్షకులు బాగుగ ఎరుగుదురు. నేరారోపణకు గురియైన బీదవారి పట్ల జాలి, పోలీసుల మాటను యథాతథముగ నమ్మక ప్రశ్నించుట, ఉరిశిక్ష విషయమున అయిష్టము – ఇవి ఆమె గుణములు. ఆ దినపు కథాంతమున పై అధికారి ఆమెను పిలిచి, నీకు ఆవేశము హెచ్చు, నీవు ప్రభుత్వపక్షమున కంటె కక్షిదారుల పక్షమున ఉండదగినదానవు అను భావముతో ఉద్యోగమునుండి తొలగించును. అప్పుడామె, నేను లెస్బియన్ అయినందుననా అని అడుగును. ఆయన కాదనును. ఆమె మంచిదని వెడలిపోవును. అంతటితో ఆ పాత్ర ముగిసెను.

నాలుగేండ్లకు సమీపముగా సాగిన కథలో అంతకు పూర్వ మెచ్చటను ఈ ప్రసక్తి లేదు. ఆమె ఇంటిలో ఎవరు కలరు, ఆమె ఎవరిని ప్రేమించినది – ఒక్క ముక్కయు చూపబడలేదు. విమర్శకులనేకులు దీనిని పరిహసించిరి, పరిహాసము న్యాయమే. అయినను ఆ రెండు వాక్యముల సంభాషణలో, వ్రాసినవారు ఉద్దేశించినను లేకున్నను, ఒక నిజమైన ప్రశ్న దాగియున్నది. తొలగింపునకు అధికారి చెప్పిన కారణము ఆమె నీతిదృష్టి: ఆరోపితుని యందు అతిగా జాలి. ఆమె ఊహించిన కారణము ఆమె అనురాగము. ఈ రెండును వేరువేరా? లోకము తనను అనుమానముతో చూచుట ఎరిగిన మనిషికి, లోకము అనుమానించు ఇతరుల పక్షమున ఒక జాలి కలుగుట సహజము. సెరీనా జాలికి మూలము ఆమె జీవితమున ఉండవచ్చును. ధారావాహిక ఆ మూలమును చూపియుండినచో ఆమె నాలుగేండ్ల వాదములన్నియు క్రొత్త యర్థముతో వెలిగెడివి. చూపక, ద్వారము దాటు క్షణమున ఒక చీటివలె అంటించి పంపినది. ఫలితముగా ఆమె నీతి ఒక వైపు, ఆమె ప్రేమ ఒక వైపు నిలిచిపోయెను.

‘ది గుడ్ వైఫ్’ (2009–2016) ధారావాహికలోని కలిందా శర్మ భారతీయ నామధేయము గల పాత్ర. ఆ పాత్ర ధరించిన ఆర్చీ పంజాబీకి 2010లో ఎమ్మీ బహుమానము లభించెను. న్యాయవాదుల సంస్థకు పరిశోధకురాలైన కలిందా స్త్రీలతోను పురుషులతోను సంబంధములు కలది. ఆమె పేరు మార్చుకొన్నది, గతము దాచినది, ప్రేమను పనిముట్టుగ వాడును. ప్రవాస భారతీయ ప్రేక్షకులు తమ పేరును తెరమీద చూచి సంతోషించినను, పాత్ర యొక్క రహస్యస్వభావమునకు స్త్రీలయందలి అనురాగమును ఒక గుర్తుగ వాడుకొన్న పాతపద్ధతి యిందు పూర్తిగ పోలేదు. 2014లో ఆరంభమైన ‘హౌ టు గెట్ అవే విత్ మర్డర్’లో అనలీజ్ కీటింగ్ అను న్యాయశాస్త్రాచార్యురాలికి పూర్వప్రియురాలు ఈవ్; మరణశిక్ష పడినవారి తరపున వాదించుట ఈవ్ వృత్తి. అబద్ధములపై అబద్ధములు పేర్చుకొను అనలీజ్ ఎదుట ఈవ్ ఒక్కతెయే నేరుగా మాటాడును. 2017లో వచ్చిన ‘ది గుడ్ ఫైట్’లోని మాయా రిండెల్ కథ ఇంకను ముందునకు పోయినది. ఆమెకు స్త్రీ సహచరి కలదు. ఎవరును దానిని ప్రశ్నింపరు. ఆమెను బాధించు ధర్మసంకటము వేరు: జనుల సొమ్ము అపహరించిన తండ్రిని కాపాడవలెనా, పట్టి యీయవలెనా? ఎడింబరో బాలిక మాటనుండి ఇచ్చటికి రెండువందల యేండ్లు పట్టినది. అనురాగము అభియోగము కాకపోయినప్పుడే ఆ స్త్రీకి ఇతర మానవులకు కలుగునట్టి ధర్మసంకటము కలుగుటకు తెరమీద చోటు దొరికినది.

తెలుగు తెరకు న్యాయస్థానము పరాయిది కాదు. డి. కామేశ్వరి నవల ఆధారముగ 1981లో వచ్చిన ‘న్యాయం కావాలి’, 1982లో ‘జస్టిస్ చౌదరి’, 2021లో ‘వకీల్ సాబ్’, 2025లో ‘కోర్ట్’ – ఈ వరుస జనాదరణ పొందినదే. వీనిలో స్త్రీ న్యాయస్థానమునకు వచ్చుట సాధారణముగ పురుషునిచే వంచింపబడి, లేక పీడింపబడి. ‘న్యాయం కావాలి’లో శారద ధరించిన న్యాయవాది పాత్ర వంటివి స్త్రీల పక్షమున గట్టిగ నిలిచినవి, వాని మేలు తక్కువది కాదు. కాని ఈ అచ్చులో అన్యాయమనునది పురుషుడు చేయునది, న్యాయమనునది పురుషునినుండి రాబట్టునది. పురుషుని ప్రసక్తియే లేక తన జీవితమును మరియొక స్త్రీతో ముడివేసికొనిన స్త్రీకి ఆ బోనులో నిలుచు తావు కనబడదు. ఆమెపై అన్యాయము చేయువారు తల్లిదండ్రులు, అన్నదమ్ములు. తెలుగు ప్రేక్షకుడు కన్నతల్లిని ప్రతివాదిగ చూచుటకు ఇష్టపడడని నిర్మాతలు తలచి యుందురు. ఆ తలపు పూర్తిగ తప్పని చెప్పుటయు కష్టమే.

ఇంతలో న్యాయస్థానమే తెరమీదికి వచ్చినది. 2022 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనముల విచారణలను ప్రత్యక్షముగ ప్రసారము చేయుట సుప్రీంకోర్టు ఆరంభించెను. 2023 ఏప్రిల్ 18నుండి మే 11వరకు పది దినములు సాగిన వివాహహక్కు విచారణను దేశమంతయు చూచెను. మొదటి అర్జీదారులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదు వాస్తవ్యులు. అక్టోబరు 17న వచ్చిన తీర్పు వారికి వివాహహక్కు నీయలేదు. అయినను తమ ఇంటి తెరపై, చెక్కసుత్తి లేని అసలు న్యాయస్థానమున, గంటలకొలది విసుగును వివేకమును కలగలిపి ఈ ప్రశ్నను తర్కించుట జనులు చూచిరి. ఆ విచారణలో వాదించినవారిలో మేనకా గురుస్వామి ఒకరు. హైదరాబాదున జన్మించిన ఈమె, అరుంధతీ కట్జూతో కలిసి, 377వ సెక్షను విషయమున 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పునకు దారితీసిన వాదములలో పాల్గొనెను. తామిరువురు జీవనసహచరులమని 2019లో బహిరంగముగ చెప్పిరి. 2018లో ఆమె వాదమునకు కీలకము శారీరక చర్య కాదు, ప్రేమ: రాజ్యాంగము గుర్తింపవలసినది ఆ ప్రేమనే అని. నూటయేబదియేండ్లకు పైగా చట్టము చర్యను గూర్చియే మాటాడినచోట ప్రేమ అను మాటను న్యాయశాస్త్రపు మాటగ నిలుపుట చిన్న పని కాదు. సెరీనా పాత్ర వ్రాసినవారు వేరు చేసిన రెంటిని ఈమె జీవితము వేరు చేయలేదు.

1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను స్త్రీలపై మోపబడుట అరుదు. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. స్త్రీలను బాధించినది వేరు మార్గము. కూతురు వెళ్లిపోయినంతనే తప్పిపోయినదని, లేదా ఎత్తుకొనిపోబడినదని పోలీసులకు ఫిర్యాదు వచ్చును. పోలీసులు వెదకి పట్టి ఇంటికి చేర్తురు. ఇంట గదిలో బంధము, భూతవైద్యము, తొందరపు పెండ్లిచూపులు. ఇట్టి జంటలకు మిగిలిన ద్వారము హెబియస్ కార్పస్ పిటిషను. 2021లో మదురైనుండి మద్రాసు చేరిన ఇరువురు యువతులు రక్షణ కోరగా న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ తీర్పునకు తొందరపడలేదు. యువతులను, వారి తల్లిదండ్రులను మనస్తత్వ నిపుణురాలి చెంతకు పంపెను. కూతుండ్రు బ్రహ్మచర్యమున ఉండినను సహింతుము గాని స్త్రీతో కాపురము సహింపమని తల్లిదండ్రుల భావముగ తేలెను. అంత న్యాయమూర్తి తనకును ఈ విషయమున పూర్వాభిప్రాయములు కలవనియు, తానే మొదట నేర్చికొనవలెననియు ప్రకటించి, తానును ఆ నిపుణురాలి చెంత పాఠము చెప్పించుకొనెను. జూన్ 7వ తేదీ ఉత్తర్వులో ఇట్టివారిని వైద్యము పేరిట మార్చు యత్నములను నిషేధించెను. తెరకథలలో న్యాయమూర్తి మొగము కదలని విగ్రహము. ఇచ్చట బోనులోని యువతులకంటె పీఠముపైని మనిషియే ఎక్కువ మారెను. ఏ రచయితయు ఇంతకు మించిన మలుపును కల్పింపలేడు.

2024 మార్చిలో సుప్రీంకోర్టు ఇట్టి పిటిషనులను శీఘ్రముగ విచారింపవలెననియు, ఉపదేశముల పేరిట యువతి మనస్సును మరలింప యత్నింపరాదనియు హైకోర్టులకు మార్గదర్శకములు జారీ చేసెను. ఆ డిసెంబరు 17న ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తులు ఆర్. రఘునందనరావు, కె. మహేశ్వరరావు ఎదుట ఒక యువతి హాజరుపరుపబడెను. అర్జీదారు ఆమె సహచరి. తాను సహచరితోనే ఉండెదనని యువతి చెప్పెను. యుక్తవయస్కురాలు తన ఇష్టమువచ్చినచోట ఉండవచ్చునని, కన్నవారు అడ్డురాదగదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇందు మరువరాని సంగతి – తనను స్వేచ్ఛగ బ్రదుకనిచ్చినచో తలిదండ్రులపై తానిచ్చిన ఫిర్యాదును కొనసాగింపనని ఆ యువతి తెలిపెను. కుటుంబముపై చర్య వలదని న్యాయస్థానమును ఆజ్ఞాపించెను. ఇట్టి స్త్రీలకు నీతి లేదని, కుటుంబమనిన గౌరవము లేదని వాదించువారు ఈ ఒక్క సంగతిని చదువవలెను. తనను బంధించినవారిని ఆమె శిక్షింపగోరలేదు.

2025 మే 22న మద్రాసు హైకోర్టున న్యాయమూర్తులు జి.ఆర్. స్వామినాథన్, వి. లక్ష్మీనారాయణన్ ఎదుటికి వచ్చిన కథ ఎల్లకు ఈవలిది. ఇరువదియైదేండ్ల యువతిని ఆమె సహచరి కోరి తేవలసివచ్చినది. పిటిషనులో అర్జీదారు తనను ‘స్నేహితురాలు’ అని మాత్రమే వ్రాసికొనెను. అంతకంటె వ్రాయుటకు ఆమె ఏల జంకెనో తమకు తెలియునని న్యాయమూర్తులు సానుభూతి చూపిరి. తల్లి కన్నీరు పెట్టి, తన బిడ్డను ఈమె చెడగొట్టినదని వాపోయెను. ఆమె దుఃఖము కపటమని అనుకొనుటకు కారణము లేదు. కూతురు చెడినదని ఆమెకు లోకము నేర్పినది, ఆ లోకములో తెరయును ఒక భాగము. వివాహమొక్కటే కుటుంబమునకు మార్గము కాదనియు, తాము ఎన్నుకొనిన కుటుంబము అను భావన న్యాయశాస్త్రమున నిలిచినదనియు ధర్మాసనము వ్రాసెను. పోలీసులు ఇట్టి ఫిర్యాదులకు వెంటనే స్పందింపవలెననియు, జంటకు రక్షణ నీయవలెననియు, కుటుంబసభ్యులు యువతి స్వేచ్ఛకు అడ్డురారాదనియు ఉత్తర్వు.

ఆ ఉత్తర్వు వెలువడుటకు ముందు న్యాయమూర్తులు యువతితోనే నేరుగా మాటాడిరి. తనను బలవంతముగ ఇంటికి కొనిపోయిరనియు, కొట్టిరనియు, మామూలు మనిషిని చేయుటకు ఏవో క్రతువులు జరిపించిరనియు ఆమె తెలిపెను. తన ప్రాణమునకే భయము కలదనెను. న్యాయమూర్తులు సూటిగ ఒక ప్రశ్న అడుగగా, తాను లెస్బియన్ ననియు, అర్జీదారుతో తనకు సంబంధము కలదనియు, ఆమె వెంట వెళ్లగోరుచున్నాననియు దాచక చెప్పెను.